హాస్యపు వంతతో ఒక రోజు

ఈ సంచికకు సైన్సు విద్యార్థుల తరఫున ఒక వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు నన్ను అడిగినప్పుడు, లేజర్ల మీదో కృష్ణబిలాల మీదో వ్రాస్తానని ఆశించి ఉంటారు. పోయినేడు సంచికలో అటువంటివి రెండు వచ్చాయి. రెండూ చదివాను. రెండింటిలోనూ కొన్ని వాక్యాలు అచ్చం ఒకేలా ఉన్నాయి. ఇద్దరు మిత్రులూ ఒకే పుస్తకం తిరగేశారన్నమాట. నాకు ఆ ఇబ్బంది లేదు. నేను వ్రాయబోయేది బుర్రకథలో హాస్యం చెప్పే వంతను గురించి. ఆయన పొద్దున లేచిన దగ్గర నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఏం చేస్తాడు, నవ్వు ఎలా తయారు చేస్తాడు అనేది. మధ్యలో కొంచెం భౌతికశాస్త్రం కూడా వస్తుంది కనుక సంపాదకులు నన్ను క్షమిస్తారని నమ్మకం.

మాది మార్కాపురం వైపు ఒక మెట్ట గ్రామం. ఈ ఏడు శివరాత్రి జాగారానికి శివాలయం దగ్గర బొబ్బిలి కథ పెట్టించారు. ఆలయ కమిటీలో మా నాయన ఒకడు కావడం చేత, వచ్చిన దళం వారికి బస, భోజనం, మంచినీళ్ళు చూసే పని సెలవులకు వెళ్ళిన నా మీద పడింది. ఆ విధంగా పొద్దున తొమ్మిది గంటల నుంచి మర్నాటి ఏడు గంటల బస్సు దాకా ఆయన వెంట తిరిగాను. పేరు వ్రాయవచ్చునా అని అడిగితే, "వద్దబ్బాయ్, పేరేస్తే మా ఊళ్ళో అప్పులోళ్ళు చదువుతారు, నాకు ప్రోగ్రాములు బాగా ఉన్నాయనుకుంటారు" అన్నాడు. నేను 'బాబాయ్' అని పిలిచాను కనుక ఇక్కడా అలాగే వ్రాస్తాను. వయసు యాభై అయిదు దాటి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని.

బుర్రకథ చూడని పట్నవాసపు మిత్రుల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. వేదిక మీద ముగ్గురుంటారు. నడుమ కథకుడు. భుజాన తంబురా, వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు, నెత్తిన తలపాగా. అటూ ఇటూ ఇద్దరు వంతలు, మెడలో గుమ్మెటలతో. (గుమ్మెటనే డక్కీ అని కూడా అంటారు.) కథకుడు పాడుతూ, అడుగులు వేస్తూ, వచనం చెబుతూ కథ నడిపిస్తాడు. వంతల్లో ఒకడు రాజకీయం చెబుతాడు. అనగా కథలోని సంగతిని తెచ్చి ఈనాటి సంగతికి ముడి వేస్తాడు. రెండోవాడిది హాస్యం. మామూలు వాడుకలో 'వంత పాడటం' అంటే ఎదుటివాడు ఏమన్నా తలూపడం. బుర్రకథలో వంతలు పాటకు వంత పాడతారు గానీ మాటకు పాడరు. కథకుడు నోరు విప్పితే చాలు, అడ్డం తగులుతారు. అడ్డం తగలడమే వారి ఉద్యోగం.

జంగం కథ, శారద కథ వంటి పాత కథాగానాల్లోంచి వచ్చిన ఈ కళ 1940ల్లో కొత్త రూపు తీసుకుంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దీన్ని ఊరూరా తిప్పింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920-1997) బెంగాల్ కరువు మొదలుకొని పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు దాకా చెప్పి దీనికి పెద్దదిక్కయ్యాడు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' చిత్రంలో ఆయన దళం చెప్పిన సీతారామరాజు కథ ఉంది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. కథకుల పేర్లు ఇలా పుస్తకాలకెక్కాయి. పక్కన నిలబడి నవ్వించిన వారి పేర్లు చెప్పమంటే మాత్రం మా ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. "కథ ఎవరిది?" అంటే కథకుడి పేరు చెబుతారు. "ఏం గుర్తుంది?" అంటే వంత అన్న జోకు చెబుతారు!

సరే, అసలు సంగతికి వస్తాను.

ముందురోజు రాత్రి వాళ్ళు ఇంకో ఊళ్ళో చెప్పి, లారీలో వచ్చి, మా ఊళ్ళో బస్సు మారారు. పెద్దాయన (కథకుణ్ణి దళమంతా అలాగే పిలుస్తుంది), రాజకీయపు వంత ఇద్దరూ రాగానే పడుకున్నారు. ఉపవాసం రోజైనా మా అమ్మ వాళ్ళ కోసం ఇడ్లీ వేసింది. బాబాయ్ మాత్రం ఇడ్లీ తిని, మా అరుగు మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోమన్నాడు. హాస్యగాడు గదా, ఏదో చమత్కారంగా మొదలుపెడతాడనుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఈ ఏడాదిలో మీ ఊళ్ళో ఎవరెవరు పోయినారబ్బాయ్?"

"హైదరాబాదుకా బాబాయ్?"

"కాదు. ఇంకా పైకి."

నలుగురని చెప్పాను. ఇద్దరు ముసలివాళ్ళు. మోటారుసైకిల్ ప్రమాదంలో ఒక కుర్రాడు. నాలుగో ఆయన మా గట్టు పొలం ఆయన. బోర్లకూ పత్తికీ తెచ్చిన అప్పు తీరక, దసరా వెళ్ళిన వారానికి పురుగుమందు తాగాడు. ఇల్లు ఎక్కడ, ఎవరెవరున్నారు అని అడిగాడు బాబాయ్. చెరువుకట్ట దిగువన, చింతచెట్టు పక్కన చివరి ఇల్లు. భార్య, పదో తరగతి చదివే కూతురు. "కథకు వస్తారా?" ఏడాది మైల తీరలేదు, రారన్నాను.

అప్పుడు చేతిసంచీలోంచి ఒక పుస్తకం తీశాడు. షావుకార్లు వాడే పొడుగాటి చిట్టా పుస్తకం. ఆ పుస్తకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక్కొక్క పేజీ ఒక్కొక్క ఊరు. ఎడమవైపు ఆ ఊళ్ళో అన్న మాటలు వరుసగా ఉన్నాయి. కుడివైపు ఒక్కొక్క దానికి ఎదురుగా గుర్తులు: ఒక చుక్క అంటే ముందు వరస నవ్వింది. అడ్డగీత అంటే ఆడవాళ్ళు కూడా నవ్వారు. రెండు గీతలు అంటే కథ ఆగిపోయింది, పెద్దాయన తంబురా మీటుతూ నిలబడవలసి వచ్చింది. సున్నా అంటే సున్నాయే. పేజీకి మూడో నాలుగో సున్నాలు ఉన్నాయి. నాకు మా ప్రాక్టికల్ రికార్డు గుర్తుకొచ్చి సిగ్గేసింది. మేము లోలకం ప్రయోగం చేసి ఎన్ని సెకన్లు వచ్చినా, g విలువ దగ్గరికొచ్చేసరికి పుస్తకంలో ఉన్నదే వ్రాసుకుంటాం. ఈయన రికార్డులో మా రికార్డు కంటే నిజం ఎక్కువ ఉంది. (మా లెక్చరర్లు ఈ పేరా చదవకుండా దాటవేయగలరు.)

ఆ రాత్రికని ముందే అనుకున్న మాటల్లో ఒకదాన్ని ఆయన అక్కడికక్కడే కొట్టేశాడు. 'మందు' అనే మాటకు మన భాషలో ఉన్న రెండు మూడు అర్థాలు పట్టుకుని అల్లినది. వరుసగా తొమ్మిది ఊళ్ళలో రెండేసి గీతలు తెచ్చుకున్నది. "ఇది ఉంటే ఫిరంగుల కాడ నిశ్చింతగా ఉండేది" అన్నాడు కొట్టేస్తూ. "ఇప్పుడా చోట ఏదన్నా పెట్టాల. లేకపోతే జనం లేచి టీకి పోతారు."

ఇది అర్థం కావాలంటే కథలో హాస్యం ఎక్కడెక్కడ పడుతుందో తెలియాలి. మన కాలేజీ ఉత్సవాలకు ఈమధ్య స్టాండప్ వారిని పిలుస్తున్నాం. ఒక్కడే మైకు పట్టుకుని నిలబడి, తనకు తోచింది చెప్పి నవ్విస్తాడు. అదీ కష్టమే, కాదనను. వంత పని వేరు. కథ ఆయనది కాదు. పక్కనున్నాయన చెబుతున్న కథను విరగ్గొట్టకుండా, సందు చూసి దూరి, నవ్వించి, మళ్ళీ బయటికి రావాలి. యుద్ధవర్ణన సాగినకొద్దీ జనం అలసిపోతారు. పావుగంటకొకసారి ఊపిరి తీసుకోనివ్వాలి. బొబ్బిలి కథలో అటువంటి పెద్ద సందులు అయిదున్నాయని బాబాయ్ లెక్క. ఫిరంగులు దించే చోటు మూడోది. అది ఖాళీ అయింది.

పదకొండు గంటలకు ఊరి మీదికి బయలుదేరాం. టీ కొట్టు, మంగలి అంగడి, నీళ్ళ ట్యాంకు, సొసైటీ గోడౌను, చివరికి సాయంత్రం పాలకేంద్రం. ఎక్కడా తానెవరో చెప్పలేదు, జోకు వేయలేదు. పైగా మాట్లాడటమే తక్కువ. "ఈ కాలవలో నీళ్ళెప్పుడు వచ్చినాయి?" "కందులు ఎంత పలుకుతుండాయి?" ఇలా ఒక ప్రశ్న వేసి చెవి అప్పగించేవాడు. మాటలకన్నా మాట తీరు ఆయనకు కావాలి. కథకుడు పుస్తకాల భాష మాట్లాడతాడు. అక్కడ 'దుర్గము', 'సైన్యము', 'హతమార్చె' అని ఉండాల్సిందే. వంత ఆ ఊరి భాషలో అడగాలి. దర్శిలో ఒక యాస, గిద్దలూరులో ఒక యాస. ఊరి యాసలో ఒక్క మాట తప్పు పలికితే నవ్వు రావడానికి బదులు, 'ఈయన మనోడు కాదు' అన్న చూపు వస్తుందట. మంగలి అంగట్లో వాడే ఒక ఊతపదాన్ని ఆయన పెదాల్లోనే నాలుగైదుసార్లు అనుకోవడం చూశాను.

దారిలో మిగతా రోజుల సంగతి అడిగాను. తిరునాళ్ళ కాలం శివరాత్రి నుంచి వైశాఖం దాకా. ఆ తర్వాత ప్రచారం కథలు కొన్ని దొరుకుతాయి. ఎయిడ్స్, పొదుపు, బీమా, ఏది ఇస్తే అది. ఒకసారి ఒక శాఖవారు తామే కథ వ్రాసి పంపారట. ప్రతి రెండు పేజీలకూ బ్రాకెట్లో 'ఇక్కడ హాస్యం' అని వ్రాశారు. హాస్యం మాత్రం వ్రాయలేదు. ఏమీ దొరకని నెలల్లో మిరపకాయ కోతకు పోతాడు. "ఆడ కూలోళ్ళలో పడి నేను మాట్టాడను. వినుకుంటా ఉంటా. వచ్చే ఏటికి సరుకు."

మధ్యాహ్నం రెండింటికి రావిచెట్టు కింద కూర్చున్నప్పుడు, ఫిరంగుల దగ్గర ఖాళీ చోటు కోసం, బోర్ల సంగతి నేనే ఎత్తాను.

మా ప్రాంతంది పలకరాతి నేల. (మార్కాపురం పలకలు మీలో చాలామంది దిద్దే ఉంటారు.) ఇసుక నేలలో లాగ ఇందులో నీరు అంతటా ఇంకి ఉండదు. రాతి పగుళ్ళలో మాత్రమే నిలుస్తుంది. పగులు తగిలితే నీరు, అడుగు పక్కకు పోతే ధూళి. అందుకని మావాళ్ళు నీళ్ళు చూసేవాణ్ణి పిలుస్తారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. ఎక్కడ కాయ నిట్టనిలువుగా లేస్తే అక్కడ నీరున్నట్టు. దీనికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదు. తెలియకుండానే చేయి కదలడం వల్ల కాయ లేస్తుంది. ఈ మాట నేను ఇంటర్ చదివేటప్పుడే చెప్పాను. "అయితే నీళ్ళు యాడుండాయో నీ సైన్సు చెప్తదా?" అని అడిగాడు పొలం యజమాని. నా దగ్గర జవాబు లేదు. కొబ్బరికాయ మూడుసార్లు లేచింది. మూడు బోర్లు వేశారు. మూడోది ఎనిమిది వందల అడుగులు పోయింది. మూడింట్లోనూ ధూళే.

"ఎవరా ఆయన?" అన్నాడు బాబాయ్.

"ఉన్నాడులే బాబాయ్, మా ఊళ్ళో ఒకాయన."

"ఆ ఒకాయన ఇంట్లోనేగా పొద్దున నేను ఇడ్లీ తిన్నది?"

నేను తల దించుకున్నాను. మూడో బోరు పోయినప్పటి నుంచి మా నాయన ఇంట్లో ఆ ఊసు ఎత్తలేదు, ఎవర్నీ ఎత్తనివ్వలేదు. గట్టు పొలం ఆయన పోయిన తర్వాత అయితే మాట్లాడటమే తగ్గించాడు. ఆ కొబ్బరికాయను పిలిపించింది ఇద్దరూ కలిసే. ఇదంతా చెప్పి, "వద్దులే బాబాయ్, మర్చిపో" అన్నాను. నాకు నిజంగానే భయం వేసింది. ఆరేడు వందల మంది మధ్య, కమిటీ కుర్చీలో కూర్చున్న మనిషిని నా నోటితో నేనే నవ్వులపాలు చేయబోతున్నానా అని.

బాబాయ్ చాలాసేపు పుస్తకం మూసుకుని కూర్చున్నాడు. తర్వాత అడిగింది ఒక్కటే. "మీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు? ఎందరికి బోర్లు పోయినాయి?" నూటఎనభై గడప, బోరు పోగొట్టుకోని రైతు దొరకడం కష్టమన్నాను. "అయితే ఇది మీ నాయన సంగతి కాదు" అన్నాడు. "బోరు నేనేస్తాను. కొబ్బరికాయ నేను పట్టుకుంటాను. మీ ఊరోడి మీద ఊరు నవ్వితే ఎకసెక్కం. నా మీద నవ్వితే పక్కనోడు ఏమీ అనుకోడు." ఇది చెప్పినంత తేలిగ్గా ఆయన వ్రాయలేదు. మూడు నుంచి అయిదు దాకా ఆ ఆరేడు మాటల కోసం పేజీ నింపి కొట్టేశాడు, మళ్ళీ నింపి కొట్టేశాడు. ఒక మాట ముందుకా వెనక్కా అని నన్ను అడిగేవాడు, నేను చెప్పేది వినకుండానే మార్చేవాడు. నవ్వు తెప్పించే మాట వాక్యం చివర ఉండాలి, దాని తర్వాత ఇంకో అక్షరం ఉండకూడదు. ఈ ఒక్క నియమం కోసం ఎన్ని వాక్యాలు తిరగేశాడో! అయిదింటికి పెద్దాయన లేచాక, "ఫిరంగులు కాదు, కందకం కాడ అడ్డమొస్తా" అని మాత్రం చెప్పాడు. ఏమంటాడో చెప్పలేదు. పెద్దాయన అడగలేదు కూడా.

రాత్రి ఎనిమిదింటికి మైకుసెట్టు వాడు కరెంటు స్తంభాలకు హారన్లు కడుతుంటే బాబాయ్ వెళ్ళి, చెరువుకట్ట వైపు ఉన్న హారన్‌ను ఊరివైపు తిప్పమన్నాడు. ఎందుకని వాడు అడిగాడు. "రీసౌండు వస్తుంది" అని చెప్పాడు. రీసౌండు ఏమీ లేదు. చింతచెట్టు పక్క ఇంట్లోకి బోర్ల హాస్యం వినబడకూడదని.

తొమ్మిదింటికి తాటాకు మంట వేసి గుమ్మెటలు కాచుకున్నారు. ఇక్కడ నా సబ్జెక్టు వస్తుంది. గుమ్మెట బుర్ర పూర్వం మట్టిది, ఇప్పుడు ఇత్తడిదో స్టీలుదో. మూతికి మాత్రం చర్మమే బిగించి ఉంది. బిగించిన చర్మం శ్రుతి దాని బిగువు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మాఘమాసపు మంచుకు చర్మం తేమ పీల్చి సడలుతుంది. బిగువు ఐదో వంతు తగ్గితే శ్రుతి సుమారు పదో వంతు దిగిపోతుంది. తంబురా పక్కన అది బండబూతులా వినబడుతుంది. సెగకు తేమ ఆరి చర్మం మళ్ళీ బిగుస్తుంది. బాబాయ్ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి, "ఇంకొంచెం" అంటాడు. మా ల్యాబులో శ్రుతిదండం పెట్టి అరగంట కుస్తీ పడే పని.

పదింటికి కథ మొదలైంది. జాగారం గనుక జనం గుడి ముందు మైదానమంతా నిండారు. పగలంతా తినలేదు గనుక, కోటలో విందు అనగానే బాబాయ్ ఆకలి మీద వేసిన మొదటి మాటకే ఆడవాళ్ళు నవ్వారు. అక్కడ నేను కనిపెట్టిన సంగతి ఇంకొకటి. మైదానం చివర వేపచెట్టు కింది దాకా మనుషులు. మర్నాడు అడుగులతో కొలిచాను, వేదిక నుంచి నూటఇరవై మీటర్లు. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది గదా. అంటే మాట వెనక వరసకు చేరేందుకు సెకనులో మూడో వంతు పైన. వాళ్ళ నవ్వు తిరిగి వేదిక చేరేందుకు మరో అంత. ముందు వరస నవ్వు అయిపోవస్తుండగా వెనక వరస నవ్వు వచ్చి పడుతుంది. ఆ లోపల నోరు తెరిస్తే తరువాతి మాట నవ్వు కింద పడి చస్తుంది. మరీ ఆగితే కథ చల్లారిపోతుంది. ఆ ముప్పావు సెకను ఖాళీలో బాబాయ్ గుమ్మెట మీద ఒక్క చిన్న దెబ్బ వేస్తాడు. అంతే. ఎలా తెలుస్తుంది అంటే తర్వాత చెప్పాడు: "ముందు వరస నవ్వు అప్పు. వెనక వరస నవ్వే వసూలు. వసూలు కాందే కదలబాక."

కందకం వచ్చింది. పెద్దాయన కోట వర్ణన చేస్తూ, చుట్టూ ఇరవై అడుగుల లోతు కందకం, నిండా నీరు అన్నాడు.

"ఎన్ని అడుగులు గురువుగారూ?"

"ఇరవై అడుగులు నాయనా."

"ఇరవై అడుగులకే నీళ్ళు పడినయ్యా!" అని బాబాయ్ గుమ్మెట దించి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికి పోతున్నావు?"

"బొబ్బిలి పోయి ఇల్లరికం ఉంటా. నేను ఎనిమిది వందల అడుగులు ఏయించా గురువుగారూ! ఎంత లోతు పోయిందంటే, కింద నుంచి ఎవురో 'ఎవురయ్యా అది, మా ఇంటి పైకప్పు పొడుస్తుండారు' అని అరిచినారు."

"నీళ్ళు చూపించుకోలేదా ముందు?"

"ఎందుకు చూపించలా! కొబ్బరికాయ పెట్టి చూపించినా. కాయ నిటారుగా లేచింది. నీళ్ళు ఉండాయన్నాడు."

"ఉన్నాయా?"

"అబద్ధం చెప్పకూడదు. ఉండాయి." గుమ్మెట మీద ఒక్క దెబ్బ. "కొబ్బరికాయలో."

వేపచెట్టు కింది నుంచి నవ్వు వచ్చేదాకా ఆయన ఆగనే అక్కర్లేకపోయింది. మైదానమంతా ఒక్కసారే లేచింది. నేను వేదిక పక్క నుంచి మా నాయన కుర్చీ వైపే చూస్తున్నాను. ముందుకు వంగి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు గుండె జారింది. అంతలో తువ్వాలు తీసి, పక్క కుర్చీ ఆయన వైపు తిరిగి, మూడు వేళ్ళు చూపించాడు. పక్కాయన అయిదు చూపించాడు. వెనక వరసలో ఎవరో ఇదంతా చూసి రెండు వేళ్ళు ఎత్తారు. ఇంకెవరో రెండు చేతులూ ఎత్తారు. మా ఊళ్ళో ఎవరికెన్ని బోర్లు పోయాయో ఆ రాత్రి అందరూ వేళ్ళతో చెప్పుకున్నారు. పెద్దాయన తంబురా మీటుతూ నిలబడ్డాడు.

ఆ తర్వాత అరగంటకు జరిగినది కూడా హాస్యపు వంత పనిలో భాగమే. నేను దాన్ని ఇంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి కబురు అందేలోపు కోట లోపల అంతా అయిపోయింది. ఆడవాళ్ళు, పిల్లలు శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలోని వారే వారిని చంపుకున్నారు. కథ అక్కడికి వచ్చేసరికి, అప్పటిదాకా ప్రతి మాటకూ అడ్డం తగిలిన మనిషి ఒక్క ప్రశ్నా వేయలేదు. పెద్దాయన కావాలనే మాటకూ మాటకూ మధ్య ఆగాడు. జనం అలవాటు కొద్దీ బాబాయ్ వైపు చూశారు. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. రాజకీయపు వంత ఒక్కడే గుమ్మెట మీద మెల్లగా తాళం వేస్తున్నాడు. మళ్ళీ ఆగాడు పెద్దాయన. మళ్ళీ బాబాయ్ ఏమీ అనలేదు. నా వెనక కూర్చున్న ముసలమ్మ, "అయ్యో, ఈయనకు కూడా మాట రావడం లేదే!" అని ఏడ్చింది. మూడు గంటలసేపు నవ్వించి పోగుచేసినదంతా ఆ రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉండటానికి ఖర్చు పెడతాడు. పుస్తకంలో ఆ చోటుకు ఏ గుర్తు వేస్తావని అడిగితే, దానికి గుర్తు లేదన్నాడు.

రెండింటికి మంగళం పాడారు. గొంతుకు మిరియాల కషాయం తాగి, అరుగు మీద దీపం పెట్టుకుని పేజీ పూర్తి చేశాడు. కొబ్బరికాయకు రెండు గీతలు. మంగలి అంగడి ఊతపదానికి సున్నా. అది ఆ మంగలాయన ఒక్కడి అలవాటే, ఊరిది కాదట.

తెల్లారి ఆరున్నరకు బస్సు కోసం నిలబడ్డాం. మా నాయన సాగనంపడానికి వచ్చాడు. దారిలో నాతో, "ఆ కొబ్బరికాయ సంగతి ఆయనకెవురు చెప్పినార్రా?" అన్నాడు. నేను బస్సు వస్తోందేమోనని చూసుకున్నాను. అంతలో చెరువుకట్ట వైపు నుంచి గట్టు పొలం ఆయన కూతురు పాలక్యాను పట్టుకుని వచ్చింది. మా దగ్గర ఆగి మా నాయనతో అంది:

"పెదనాయనా, మైకు మా ఇంటివైపు నుంచి ఎందుకు తిప్పేశారంట? మా అమ్మ రాత్రి కథ విందామని గడపలోనే కూసోనింది. సగం ఇనపళ్ళా. అందరూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతుండారో తెలీక, నన్ను పోయి కనుక్కొని రమ్మనింది."

బాబాయ్ నోట మాట లేదు. ఆ అమ్మాయి పాలకేంద్రం వైపు వెళ్ళిపోయింది. ఆయన సంచీలోంచి చిట్టా పుస్తకం తీసి, మా ఊరి పేజీ తిప్పి, అడుగున 'హారన్ తిప్పించితిని' అని వ్రాసి ఎదురుగా సున్నా చుట్టాడు. తర్వాత మా నాయన చేయి పట్టుకుని, "అన్నా, పాలు పోసి తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్లకు కందకం కాడి మాటలు చెప్పించండి. మీ వాడికి వచ్చు" అన్నాడు.

బస్సు వచ్చింది. పెద్దాయన, రాజకీయపు వంత తంబురా, గుమ్మెటలు పైకి అందిస్తుంటే, బాబాయ్ అప్పటికే కండక్టరు పక్క సీట్లో కూర్చుని, తర్వాతి ఊరి సంగతులు అడుగుతున్నాడు.